సన్నాయి పెదవి, ఇత్తడి బాకా

ఆ ఇత్తడి బాకా మా ఇంటికి వచ్చిన రోజు మా మామగారు దాన్ని కొత్తరకం ఉమ్మితొట్టి అనుకుని అందులో ఉమ్మబోయారు. నేను కెవ్వున అరవబట్టి ఆగారు గాని, ఆ రోజు అరవకుండా ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలియదు.

మా ఆయన పేరు హిసనొరి. చక్రవర్తిగారి కొలువులో వాద్యకారుడు. కొలువు అనగానే పట్టుబట్టలూ పన్నీరు జల్లులూ ఊహించుకోకండి. పట్టుబట్టలు కొలువువి, కొలువు కాగానే మడత పెట్టి అక్కడే ఇచ్చేసి రావాలి. ఇంటికి వచ్చాక ఒంటి మీద ఉండేవి నేను అతుకులు వేసినవే. మనిషి సన్నగా, మెత్తగా ఉండేవారు. ఎవరితోనూ గట్టిగా ఒక మాట అన్న పాపాన పోలేదు. ఆ లోటు ఇంట్లో నేనూ మా మామగారూ తీర్చేవాళ్ళం.

మాది తెన్నోజి. అక్కడి పెద్ద గుడిని నమ్ముకుని వాద్యకారుల కుటుంబాలు తరతరాలుగా బతికాయి. ఒక ఇంటివాళ్ళు పిల్లనగ్రోవి, ఒక ఇంటివాళ్ళు డోలు, మా ఇంటివాళ్ళు హిచిరికి. అది జానెడైనా ఉండని వెదురు సన్నాయి. దాని మొదట్లో రెల్లుతో చేసిన పీక ఉంటుంది. దాన్ని వేడి తేనీటిలో నానబెట్టి, మెత్తబడ్డాక నోట పెట్టుకోవాలి. ఆ తేనీరు కాచే పని ఇంటి కోడలిది. కాపురానికి వచ్చిన మర్నాడే మా అత్తగారు కెటిల్ నా చేతిలో పెట్టారు. అన్నం మాడితే ఊరుకునేవారు గాని తేనీరు చల్లారితే ఊరుకునేవారు కాదు.

చక్రవర్తి క్యోటో వదిలి తోక్యోకు మకాం మార్చాక మమ్మల్నీ బయలుదేరమని ఉత్తర్వు వచ్చింది. కట్టుబట్టలతో వచ్చి రాజభవనం కందకానికి ఇవతల ఒక వరస ఇళ్ళలో దిగాం. నాకు ఆ ఊరు ఒక్క రోజు కూడా కుదురుగా నిలబడినట్టు అనిపించలేదు. నిన్న ఉన్న చెక్క ఇల్లు ఇవాళ ఉండదు, దాని చోట ఇటుకల గోడ లేస్తూ ఉంటుంది. నిన్న పిలక ఉన్నవాడు ఇవాళ గుండ్రంగా కత్తిరించుకుని టోపీ పెట్టుకుని పలకరిస్తే గుర్తు పట్టలేక చచ్చేదాన్ని. మధ్యాహ్నం పన్నెండు కాగానే కోటలో ఫిరంగి పేలుస్తారు. మా మామగారు రోజూ ఉలిక్కిపడి రోజూ ఒకే తిట్టు తిట్టేవారు.

మా మామగారి పేరు హిరోకత. ఆయన హిచిరికి వాయిస్తే గుడి మెట్ల మీద ముష్టివాళ్ళు కూడా చేతులు చాచడం మరిచిపోయేవాళ్ళని చెప్పుకునేవారు. నేను విన్నాను, అబద్ధం కాదు. మా సంగీతంలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి అడుగు వేసినట్టు వెళ్ళకూడదు. కాస్త కింద పట్టుకుని, పెదవితో పైకి తెచ్చి, అక్కడ ఉండీ ఉండనట్టు ఉంచి వదలాలి. మీరు గమకం అంటారే, అలాంటిది. మా ఇంట్లో దానికి పేరు ఉప్పూ పులుపూ. అది ఏ ఇంటి వాటం ఆ ఇంటిదే, కాగితం మీద రాసేది కాదు. తండ్రి పెదవి నుంచి కొడుకు పెదవికి రావాలి.

తోక్యో వచ్చిన ఏడాదే మా మామగారి ముందు పళ్ళు ఊడిపోయాయి. పళ్ళు లేకపోతే పీక నిలవదు. అంటే ఆయన నాదం ఇక ఈ భూమ్మీద ఎక్కడైనా ఉంటే అది మా ఆయన నోట్లోనే ఉండాలి. కొలువులో హిచిరికి వాద్యకారుల మొదటి పీట మా మామగారిది. ఆయన తర్వాత ఆ పీట మా ఆయనకు దక్కాలంటే పెద్దల ముందు పరీక్షలో నెగ్గాలి. మా మామగారికి పీట మీద కూడా అంత మమకారం లేదు. "ఆ పీట పోతే పోనీ, పోయేముందు నా పాట నా కొడుకు దగ్గర విని పోతాను, అంతే" అనేవారు. ఇంట్లో లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా అదే ధ్యాస.

అలాంటి సమయంలో రెండో ఉత్తర్వు వచ్చింది. విదేశీ రాయబారులు విందుకు వస్తే వాళ్ళ బాణీలు వాయించాలి కాబట్టి, మా వాద్యకారులే ఆ వాయిద్యాలు కూడా నేర్చుకోవాలట. నేర్పడానికి ఒక ఎర్రగడ్డం దొరను పెట్టారు. ఆయన వీళ్ళందరినీ వరసగా నిలబెట్టి, సంతలో ఎడ్లను చూసినట్టు నోళ్ళు తెరిపించి పళ్ళు చూశాడు. మా ఆయన పళ్ళు ముత్యాల్లా ఉంటాయి. ఆ పళ్ళే కొంప ముంచాయి. బాకా చేతిలో పెట్టాడు.

"ఒరేయ్, అది నోటికేసి నొక్కుకుని ఊదాలటగా? నీ పెదవి చెప్పు అట్ట అయిపోద్దిరా" అన్నారు మా మామగారు.

"ఉత్తర్వు నాన్నా. ఏం చెయ్యను?"

"ఏం చేస్తావా? జ్వరం తెచ్చుకో. కాలు విరగ్గొట్టుకో. మన సంగీతం మధ్యలోకి ఈ పరాయి గొట్టం ఏంట్రా?"

నాకు ఒళ్ళు మండింది. బాకా మీద నాకు ప్రేమ ఏమీ లేదు గాని, మాటకు మాట అడ్డం పడకపోతే నాకు నిద్ర పట్టదు. "మనదేదో ఇక్కడే మొలకెత్తినట్టు చెప్తున్నారేంటి మామగారూ? ఈ హిచిరికి చైనా నుంచి పడవెక్కి వచ్చిందేగా? ఆ రెక్కలు కట్టుకుని పిల్లలాడే పక్షి నాట్యం భారతదేశం నుంచి ఎవరో బ్రాహ్మడు తెచ్చాడని మీరేగా చెప్పారు? అసలు మన తాతముత్తాతలే సముద్రం దాటి వచ్చినోళ్ళయితేను!"

"వెయ్యేళ్ళయిందే అమ్మాయ్! వెయ్యేళ్ళు ఇంట్లో ఉన్నోడు చుట్టమేంటే?"

"వచ్చిన మొదటి రోజు మాత్రం ఎవరో ఒక కోడలు ఇదేం గోలరా నాయనా అని చెవులు మూసుకునే ఉంటుంది."

"నీ నోరు పడ" అన్నారు ఆయన. కాని నవ్వారు. పళ్ళు లేని నవ్వు. మా ఆయన మాత్రం నవ్వలేదు. బాకాను ఒళ్ళో పెట్టుకుని దాని మీటలను మాటిమాటికీ నొక్కి వదులుతూ కూర్చున్నారు.

ఇక మా ఇంట్లో నెమ్మది అన్నది లేకుండా పోయింది. పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టి "ఏమ్మా ఇసో, మీ ఇంట్లో ఎద్దు ఈనుతోందా?" అని అడిగేది. దొర ఇచ్చిన గీతల కాగితం ఎవరికీ అర్థం అయ్యేది కాదు. అందుకని వీళ్ళంతా తమకు తెలిసిన పద్ధతే పట్టారు. చిన్నప్పుడు హిచిరికి ముట్టుకోకముందు కొన్నేళ్ళు చేసినట్టే, ఎదురెదురుగా కూర్చుని, తొడల మీద చేత్తో తాళం వేస్తూ, దొర బాణీని కూడా "చీ... రా... రో..." అంటూ గొంతుతో బట్టీ పట్టేవాళ్ళు. మీసాలొచ్చిన మగవాళ్ళు మా ముందుగదిలో గుంపుగా కూర్చుని సైనికుల కవాతు పాటను పూజ మంత్రంలా సాగదీసి పాడుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. మా మామగారు మాత్రం లోపలి గదిలోంచి "ఆ మూడోవాడు ఎవడ్రా, గొంతు తగలెయ్య!" అని కేక పెట్టేవారు.

నాకు పెదవి దిగులు. ప్రతి సాయంత్రం మా ఆయన పెదవి మీద బాకా మూతి నొక్కుకున్న చోట ఎర్రటి వలయం కనిపించేది. తేనె రాసేదాన్ని, కమేలియా నూనె రాసేదాన్ని. తర్వాత వెంటనే హిచిరికి తీసి వాయించమనేదాన్ని. పీక కిచకిచమనేది. గాలి పక్కల నుంచి తన్నుకుపోయేది. మా మామగారు దోసిట్లో ముఖం పెట్టుకునేవారు. కాసేపటికి తేరుకుని తిట్లు మొదలుపెట్టేవారు. "గాడిదా, ఆ స్వరాన్ని కింద పట్టుకో అన్నానా? పైనుంచి దూకుతావేం, బావిలో పడ్డట్టు? మళ్ళీ!" మళ్ళీ. మళ్ళీ. నడివయసు దాటిన కొడుకు తల వంచుకుని మళ్ళీ వాయించేవారు.

ఇంకో వింత. మా ఆయన పాదం కదలడం మొదలైంది. భోంచేస్తున్నా, మాట్లాడుతున్నా కుడి పాదం నేల మీద టక్కు టక్కుమని కొడుతూనే ఉండేది. మా సంగీతంలో అలా కొట్టరు. ఒకరి ఊపిరి ఒకరు విని, అందరూ కలిసి ఆగి, కలిసి సాగుతారు. దొర పాట అలా ఆగదు. ఒకరోజు ముల్లంగి తరుగుతుంటే నా కత్తి కూడా ఆ పాదంతో పాటే పడుతోందని గమనించి కత్తి విసిరి కొట్టాను.

"ఆపండి ఆ కాలు!"

"నేనేం చేశాను?"

"అదే నా ఏడుపు. మీకు తెలీకుండానే చేస్తున్నారు."

అలా ఉండగా చక్రవర్తిగారి పుట్టినరోజు వచ్చింది. మొదటిసారి మా వాళ్ళు నల్లకోట్లు తొడుక్కుని, రాయబారుల విందులో ఆ కవాతు పాట వాయించాలి. ఆ సాయంత్రం మా ఆయనతో పాటు ఫుమియొషి కూడా మా ఇంటికి వచ్చాడు. ఫుమియొషిది పిల్లనగ్రోవి వాయించే ఇల్లు, ఇప్పుడు బాకాల్లో మా ఆయన తర్వాత రెండోవాడు. గుమ్మంలోనే కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మా ఆయన ముఖం మాత్రం పాలిపోయి ఉంది.

"ఏమైందయ్యా, చెప్పి ఏడు" అన్నాను.

"ఏం చెప్పను వదినా! పాటంతా బాగానే జరిగింది. దొర పుల్ల ఊపుతున్నాడు, మేం ఊదుతున్నాం. చివరి వరస వచ్చింది. అంతే, మా నోళ్ళన్నీ ఠక్కున మూతపడ్డాయి."

నాకు వెంటనే అర్థమైంది. మా సంగీతంలో పాట ముగింపుకు రాగానే కిందివాళ్ళంతా నోరు తీసేసి, మొదటి పీట మీద ఉన్నవాడికి వదిలేయాలి. అతను ఒక్కడే నెమ్మదిగా పాటను దింపుతాడు. అతని మీద ఇంకొకరు వాయించడం అమర్యాద. చక్రవర్తి ఎదుట అయితే మహాపరాధం.

"సాధనలో ఎన్నిసార్లు వాయించారు! అప్పుడేం కాలేదుగా?"

"సాధనలో దొర అరుస్తుంటాడుగా వదినా, ఊదండి ఊదండి అని. ఇవాళ ఎదురుగా చక్రవర్తి. అరిచేవాడు లేడు. ఒంట్లో ఉన్న భయం పని చేసింది. అందరం బాకాలు దించేసి తలలు వంచుకున్నాం. పాపం హిసనొరి ఒక్కడే మిగిలాడు. దొర కళ్ళు ఇంత చేసుకుని చూస్తున్నాడు, పుల్ల గాల్లో ఉంది..."

లోపలి గదిలోంచి మా మామగారు పాక్కుంటూ వచ్చారు. "ఒరేయ్, మరి నువ్వేం చేశావు? ఆపేశావా?"

"లేదు నాన్నా" అన్నారు మా ఆయన నేలచూపులు చూస్తూ. "నాకు ఇంకేం తోచలేదు. మన పద్ధతిలోనే దింపేశాను."

"మన పద్ధతిలోనా?"

"కాస్త కింద పట్టుకుని... పెదవితో తెచ్చి... సాగదీసి వదిలాను. ఇత్తడి మాట వినలేదు. సగమే వచ్చింది."

"సగం వచ్చిందా!" అన్నారు మా మామగారు. "గాడిదా! సగం ఎందుకొచ్చింది? ఊపిరి ముందే ఖర్చు పెట్టుంటావు. నీకెప్పుడూ ఆ రోగమే. ఆఖరి స్వరం దగ్గర తొందరపడుంటావు, నాకు తెలీదూ? పరాయి గొట్టం మీద మన ఇంటి పరువు తీశావు కదరా సన్నాసీ!" అని తిడుతూనే ఉన్నారు. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. తిట్టేకొద్దీ మా ఆయన ముఖంలో రంగు వచ్చింది. చివరికి ముగ్గురూ నవ్వడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం మా ఇంట్లో ఉన్నంత సంతోషం అంతకుముందు గాని తర్వాత గాని నేను చూడలేదు. నేను సాకే, అదే బియ్యపు సారా, వేడి చేసి తెచ్చాను, నేనూ రెండు గుక్కలు తాగాను.

మర్నాడు దొర నవ్వలేదు. రాయబారులు చప్పట్లు కొట్టినా ఆయన ఊరుకోలేదు. తప్పు ఎక్కడుందో బాగానే పట్టుకున్నాడు. అందరూ ఆగిపోయినందుకు అందరి మీదా ఒకసారి అరిచి వదిలేశాడు. మా ఆయనను మాత్రం రోజూ సాధన అయ్యాక విడిగా ఉండమన్నాడు. హార్మోనియం లాంటి ఒక పెట్టె తెప్పించి, దాని మీద ఒక మెట్టు నొక్కి పట్టుకునేవాడట. ఆ స్వరానికి పైనా కాకుండా, కిందా కాకుండా, సరిగ్గా దాని మీదే బాకా నిలబెట్టాలి. వణికితే మళ్ళీ. జారితే మళ్ళీ. చెడ్డవాడేం కాదు ఆ దొర. తను కూడా నిలబడే ఉండేవాడట, ఒక్కరోజు విసుక్కోలేదట. "నీలో మంచి వాద్యకారుడు ఉన్నాడు, ఈ నత్తలా జారడం ఒక్కటి వదిలించుకో" అని చెప్పించాడట.

మా ఆయనకు పట్టుదల ఎక్కువ. చలికాలం పోయి, వానలు పోయి, మళ్ళీ చలికాలం వచ్చేలోపు ఆయన బాకా అందరిలోకీ గొప్పది అయింది. ఒక పద్ధతి దొరికాక పెదవి మీద ఎర్ర వలయం కూడా తగ్గింది. నొక్కకుండా ఊదడం తెలిసిందట. రాత్రుళ్ళు హాయిగా నిద్రపోయేవారు. నా గుండె మీద బరువు దిగింది. పెదవి బతికింది, ఇక భయం లేదనుకున్నాను. మా మామగారు అప్పటికి మంచం పట్టారు. ఆయన ఎక్కువ సేపు మగతగా ఉండేవారు, మా ఆయన కొలువులోనే సాధన చేసుకుని వచ్చేవారు. అందుకని నెలల తరబడి ఇంట్లో హిచిరికి మోగలేదు.

మొదటి పీటకు పరీక్ష పెట్టారు. పెద్దలంతా వరసగా కూర్చున్నారు. మా ఆయన మఠం వేసుకుని, కుడి పాదాన్ని ఎడమ తొడ కింద అదిమి పెట్టుకుని వాయించారట, కదలకుండా. ఒక్కరూ వంక పెట్టలేకపోయారు. పీట మా ఆయనదే. కబురు ముందే ఫుమియొషి పరుగెత్తుకు వచ్చి చెప్పాడు. నేను ఎర్ర చిక్కుళ్ళు వేసి శుభకార్యానికి వండే అన్నం పొయ్యి మీద పెట్టాను. మా మామగారి వీపు వెనక దిండ్లు పెట్టి కుంపటి దగ్గరికి జరిపాను. ఆయనకు కూడా ఆ రోజు తెలివి బాగానే ఉంది.

మా ఆయన వచ్చి, కోటు కూడా విప్పకుండా తండ్రి ముందు కూర్చున్నారు. "నాన్నా, అక్కడ వాయించిందే వాయిస్తాను, వినండి" అన్నారు. నేను తేనీరు ఇచ్చాను. పీక నానింది. ఆయన వాయించారు.

నాదం గది నిండిపోయింది. ఎక్కడా గాలి తన్నుకుపోలేదు, ఎక్కడా పీక కీచుమనలేదు. ఎన్నాళ్ళ దిగులో ఒక్కసారిగా వదిలి నేను కిమోనో చేతి అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పెదవి పోలేదు! దేవుడు మా మొర విన్నాడు! పాట చివరికి వచ్చింది, ఆగింది. నేను తలెత్తి మా మామగారిని చూశాను. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, కుంపటిలోకి చూస్తున్నారు.

"బాగుంది" అన్నారు.

ఆ మాట విన్నాక గాని నాకు పాట మళ్ళీ చెవిలో మోగలేదు. ప్రతి స్వరమూ తన చోట తను నిలబడి ఉంది. ఏదీ కింది నుంచి రాలేదు. ఏదీ ఉండీ ఉండనట్టు లేదు. అన్నీ ఆ పెట్టె మెట్ల మీద ఉన్నట్టు ఉన్నాయి. పెదవి కోసం అంత కాపలా కాశాను గాని, చెవికి ఏం జరుగుతోందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పరీక్షలో పెద్దలకు మాత్రం ఎలా తెలుస్తుంది? వాళ్ళూ ఏడాదిగా ఆ దొర దగ్గరే ఉన్నారు.

మా మామగారు జీవితంలో కొడుకుతో బాగుందని ఎన్నడూ అనలేదు. ఆ మాట ఆయన బయటివాళ్ళకు అనేవారు. తెన్నోజిలో సరదాకు నేర్చుకోవడానికి వచ్చే బియ్యం వ్యాపారులు, మందుల కొట్టువాళ్ళు ఉండేవారు. వాళ్ళు ఏదో వాయించి ముఖం చూస్తే, "బాగుంది, బాగుంది" అని నవ్వి తేనీరు ఇప్పించి పంపేవారు. దిద్దడానికి వీలున్నవాణ్ణే తిట్టేవారు. మా ఆయనకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు.

ఆయన ముఖం తెల్లగా అయిపోయింది. హిచిరికి చాప మీద పెట్టి, ముందుకు వంగి తండ్రి మోకాలు పట్టుకున్నారు.

"నాన్నా, తిట్టండి."

మా మామగారు పుల్లతో కుంపటిలో బొగ్గులు ఎగదోశారు.

"తిట్టండి నాన్నా. ఎక్కడ పోయిందో చెప్పండి. మళ్ళీ వాయిస్తాను. తెల్లారేదాకా వాయిస్తాను. గాడిదా అనండి నాన్నా!"

"దేనికి బాబూ తిట్టడం? ఒక్క తప్పు కూడా లేదు" అన్నారు మా మామగారు చాలా మర్యాదగా. తర్వాత నా వైపు తిరిగారు. "అమ్మాయ్, ఎంతో దూరం నడిచొచ్చారు, అలసిపోయుంటారు. ఆయనకి అన్నం పెట్టు."

నేను లేచి వడ్డించాను. మా ఆయన ఏడుస్తూనే తిన్నారు.